మోటారు అద్దముపై మసక: లోపలిదా, వెలుపలిదా?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై నందిగామను, కీసరవద్ద మున్నేటి వంతెనను దాటి, కంచికచర్ల మీదుగా పరిటాల చేరునప్పటికి రహదారి ప్రక్కనే 135 అడుగుల ఆంజనేయ విగ్రహము కానవచ్చును. 2003లో ప్రతిష్ఠింపబడిన ఈ విగ్రహము పగటివేళ చాల దూరమునకే కనిపించును. కాని మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున దాని చెంతకు వచ్చినను కనిపింపని దినములు కలవు. అట్టి వేళ కారులో నున్నవారు తెలిసికొనవలసినది ఒకటి కలదు. విగ్రహమును మరుగుపరచినది బయటి పొగమంచా, లేక తమ కారు అద్దమునకు పట్టిన చెమ్మయా?

దీనిని తెలిసికొనుట కష్టము కాదు. ముందు సీటులో కూర్చున్నవారు ప్రక్క అద్దమును కొంచెము దింపి ఆ సందుగుండ చూడవలెను. సందులోనుండి కనిపించు వస్తువు ముందుటద్దములోనుండి కనిపింపనిచో దోషము అద్దముదే. రెంటినుండియు కనిపింపనిచో దోషము మంచుది. అప్పుడు అద్దమును ఎంత తుడిచినను ప్రయోజనము లేదు. వేగము తగ్గించుటయే ఉపాయము.

ఈ భేదము తెలియక పోవుటవలన కలుగు అపాయము చిన్నది కాదు. గ్రామములో నొక గర్భిణికి అర్ధరాత్రి నొప్పులు వచ్చినవనుకొందము. అంబులెన్సు వచ్చుటకు ఆలస్యమగునని తోచి, పొరుగువారి కారులో ఆమెను, తోడుగా నలుగురను ఎక్కించి విజయవాడకు బయలుదేరుదురు. ప్రయాణము సుమారు 30 కిలోమీటర్లు. చలిగాలి తగులకుండ అద్దములన్నియు బిగింతురు. అయిదు నిమిషములు గడువకముందే ముందుటద్దము పాలవలె తెల్లబడును. డ్రైవరు ఒక చేత స్టీరింగు పట్టుకొని, రెండవ చేత తుడుచుచు నడుపును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. తుడుచుటకు పట్టిన రెండు మూడు సెకనులలో, దీపములు లేక రోడ్డు ప్రక్క నిలిచిన లారీ ఎదురైనచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

అద్దము తెల్లబడుటకు కారణము మన ఊపిరియే. వెచ్చని గాలి ఎక్కువ నీటియావిరిని ఇముడ్చుకొనును. చల్లనిగాలి అంతగా ఇముడ్చుకొనజాలదు. 30 డిగ్రీల వేడిగల ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల ఆవిరి ఇముడును. 20 డిగ్రీలకు దిగినచో 17 గ్రాములే ఇముడును. మిగిలినది నీరుగా మారవలసినదే. కుండలో చల్లని నీరు పోసిన కంచుచెంబునకు చెమట పట్టునట్లు, అయిదుగురి ఊపిరిలోని ఆవిరి చల్లని అద్దమును తాకి సన్నని బిందువులుగా నిలుచును. తడిసిన గొడుగులు, నీరు పీల్చిన కాలిపట్టలు, తడి గోనెసంచులు కారులోనున్నచో ఈ పని మరింత త్వరగా జరుగును.

చెమ్మ లోపలనున్నదని వ్రేలితో ముట్టి తెలిసికొనిన పిమ్మట ఏసీ వేయవలెను. చలికాలమున ఏసీ ఎందులకని పలువురు అడుగుదురు. ఏసీ గాలిని చల్లబరచుటయే గాక ఆరబెట్టును. నిలిపియున్న కారు క్రింద బొట్లుబొట్లుగా కారు నీరు గాలినుండి తీసినదే. హీటరు మీటను కూడ వెచ్చని వైపునకు త్రిప్పి, గాలిని ముందుటద్దము మీదికి మళ్లించి, లోపలిగాలినే మరల మరల త్రిప్పు మీటను ఆపి బయటిగాలి వచ్చునట్లు చేయవలెను. చాలమంది మరచునది ఈ కడపటి పనియే. ఏసీ లేని వ్యానులలో ఎదురెదురుగా రెండు అద్దములను రెండంగుళములు దింపినచో కొంత నయము. చలికి ఓర్చుకొనక తప్పదు. అరచేతితో తుడువరాదు. చేతి జిడ్డు అంటిన చోట ఎదుటి దీపపు వెలుగు చెదరి కన్నులు మిరుమిట్లు గొనును.

వెలుపలి చెమ్మకు వైద్యము ఇందుకు విరుద్ధము. వానకాలపు ఉక్క రాత్రులలో ఏసీని మిక్కిలి చల్లగా పెట్టి నడిపినచో అద్దమే చల్లబడి బయటి తేమ దానిపై పేరుకొనును. లోపల ఎంత తుడిచినను పోదు. వైపరును నడిపి, చల్లదనము తగ్గించి, ఏసీ గాలిని అద్దముమీదనుండి మరలింపవలెను. అమెరికాలోని అలబామా రాష్ట్రపు మేరీ ఆండర్సను అను మహిళ 1903లో లోపలనుండి చేతితో త్రిప్పు వైపరుకు పేటెంటు పొందినది. ఆమె యంత్రము బయటివైపును బాగుచేసినది. లోపలివైపు నేటికిని డ్రైవరు తెలివిపైననే యున్నది.

పరిటాల ప్రాంతమున మరియొక చిక్కు కలదు. రాతిక్వారీల నుండియు, కంకరమిల్లుల నుండియు లేచు దుమ్ము అద్దములపై చేరును. దుమ్ముకణములను ఆధారము చేసికొని చెమ్మ త్వరగా పట్టును. పొడిబట్టతో తుడిచినచో రాతిపొడి అద్దమును గీయును. కావున ముందు నీటితో కడిగి, పిదప శుభ్రమైన నూలుబట్టతో ఆరదుడువవలెను. లోపలివైపున సబ్బును పలుచగా రాచి, మచ్చ కనబడకుండ పొడిబట్టతో మెరుగుపెట్టినచో చెమ్మ బిందువులుగా గాక పలుచని పొరగా పరచుకొనును. ఇది కొన్ని గంటలపాటే పనిచేయును. మచ్చలు మిగిలినచో రాత్రివేళ మేలుకంటె కీడే ఎక్కువ.

పంచాయతీ సభ్యులు ఇందులో చేయదగిన పని కొంత కలదు. శీతకాలమున ఒకటి రెండు ఉదయములు బడి వ్యాను మొదటి ట్రిప్పుకు ముందు వెళ్లి, అందులో శుభ్రమైన బట్ట ఉన్నదా, వైపరు రబ్బరు అరిగినదా, డ్రైవరునకు గాలి మీటల పని తెలియునా అని విచారింపవచ్చును. ట్రాక్టరు ట్రక్కులకు వెనుకవైపు వెలుగుతగిలి మెరియు ఎర్రపట్టీలు అంటించుటను గూర్చి గ్రామసభలో ప్రస్తావింపవచ్చును. అద్దము పరిశుభ్రముగా నున్నను ఎదుట దట్టమైన మంచే యున్నచో డ్రైవరు దీపములను క్రిందికి దింపి నడుపవలెను. పెద్దలైటు మంచుపై పడి తెల్లగోడవలె తిరిగి కంటిమీదికే వచ్చును. నిలుపవలసి వచ్చినచో బండిని రోడ్డు అంచుననే గాక, దారి విడిచి పూర్తిగా ప్రక్కకు తీసి నిలుపుట క్షేమము.