తుపాకి నేరములు: లెక్కల హద్దులు



నేను చిరకాలము బడిపంతులనై హాజరుపట్టీ వ్రాసినవాఁడను. ఆ పట్టీలో బడిలోఁ జేరిన పిల్లల పేర్లే యుండును. బడి ముఖ మెఱుఁగని పిల్లల పేర్లుండవు. పట్టీ యసత్య మాడదు. తన కందనిదానిని మాత్రము చెప్పజాలదు. నేరముల లెక్కలును నట్టివే. తుపాకులు విస్తారముగాఁ గల అమెరికా సంయుక్త రాష్ట్రముల సంగతి యిందుకు నిదర్శనము.

అచ్చటి పోలీసు లెక్కలను 1930 నుండి ఎఫ్.బి.ఐ. యను సంస్థ ప్రోగుచేయుచున్నది. పోలీసులకుఁ దెలిసిన నేరమే యందులోఁ జేరును. ఒకఁడు తుపాకి చూపి బాటసారి సొమ్ము దోఁచెననుకొనుఁడు. బాధితుఁడు భయముచేతఁ బలుకకున్న ఆ నేరము జరిగియు లెక్కలో లేనిదే యగును. మఱియు, బహుకాలము సాగిన పద్ధతి ప్రకారము ఒక్క సంఘటనలో దోపిడియు హత్యయు జరిగినచో హత్యనే లెక్కించి దోపిడిని విడిచెడివారు. మన దేశపు జాతీయ లెక్కలందును ఒక ఫిర్యాదులోఁ బలు నేరము లున్నచో ప్రధాన నేరమునే యెంచుదురు.

ఈ కొఱఁత తీర్చుటకై 1973 నుండి అమెరికాలో ఎంపిక చేసిన యిండ్లవారి నడిగి, ఠాణాకుఁ జెప్పని నేరములను గూడ వ్రాసికొనుచున్నారు. అయినను హతుఁడైనవాఁడు ప్రత్యుత్తర మీయఁజాలఁడు గదా! అందులకు మరణ ధ్రువపత్రములే శరణ్యము.

వానిని జదువుటయందును జాగ్రత్త వలయును. 2021లో అచ్చటఁ దుపాకి దెబ్బలచేఁ జనిపోయినవారు 48,830 మంది. వీరందఱు హతులని తలఁచుట పొరపాటు. అందు 26,328 మంది యాత్మహత్య చేసికొనినవారు. హత్యకు గుఱియైనవారు 20,958 మంది. ఈ రెంటికిని నివారణోపాయములు వేఱు. ఆ సంవత్సరముననే ఎఫ్.బి.ఐ. లెక్కించు పద్ధతి మార్పఁగా, న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ నగరముల పోలీసుల లెక్కలు అందులోఁ జేరలేదు. నేరములు లేవని దాని యర్థము కాదు. అంకెలు లేవని మాత్రమే.

కావునఁ బత్రికలో నిట్టి యంకెను జూచినప్పుడు, ఎవరు లెక్కించిరి, దేనిని లెక్కించిరి, దేనిని విడిచిరి అని మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు. లెక్కలే వలదని నా యభిప్రాయము గాదు. మీ యూరిలో నెవరైన భయపడి ఫిర్యాదు చేయక యూరకున్నచో, పెద్దలు తోడుగాఁ బోయి వ్రాయింపుఁడు. పట్టీలోఁ బేరు లేని పిల్లవానికై బడిలోఁ బలక తెప్పించువారుండరు.