కార్బన్ బాణమా, అల్యూమినియం బాణమా: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని రాష్ట్రాలు జింకల వేటకు విల్లంబులు వాడేవారి కోసం ప్రత్యేకంగా కొంత కాలాన్ని కేటాయిస్తాయి. లైసెన్సు పొంది ఆ వేటకు సిద్ధమయ్యేవారికి బాణాలు కొనేటప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న, బాణపు కాడ కార్బన్‌దై ఉండాలా, అల్యూమినియందై ఉండాలా అన్నది. గురి తప్పిన బాణం, లోతుగా దిగని బాణం జంతువును చంపక గాయపరచి వదులుతాయి కనుక ఈ ఎంపిక ఖర్చుకు మించి వేటగాడి బాధ్యతకు సంబంధించినది. అయినా దీని చుట్టూ అపోహలు బలంగానే పాతుకుపోయాయి.

అపోహ: కార్బన్ బాణం వేగంగా పోతుంది కాబట్టి వేటకు అదే మేలు.

వాస్తవం: ఒకే వింటి నుంచి వెలువడే బాణాల వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది వాటి బరువు. ఆ బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రాము సుమారు 15.4 గ్రెయిన్లు. 2117 రకం అల్యూమినియం కాడ అంగుళానికి దాదాపు 12 గ్రెయిన్లు తూగితే, అంతే బిరుసు గల కార్బన్ కాడ సాధారణంగా అంతకంటే తేలికగా ఉండి వేగంగా వెళుతుంది. అయితే బరువైన బాణం వింటిలోని శక్తిని మరికొంత ఎక్కువగా గ్రహిస్తుంది, వింటి చప్పుడును తగ్గిస్తుంది, ద్రవ్యవేగం ఎక్కువ కావడం వల్ల లోతుగా దిగడానికి తోడ్పడుతుంది. మరీ తేలికైన బాణం వింటినే దెబ్బతీస్తుంది. లాగుడు బలంలో ప్రతి పౌండుకు కనీసం 5 గ్రెయిన్లు, అంటే 60 పౌండ్ల వింటికి ములికితో కలిపి 300 గ్రెయిన్లు ఉండాలన్నది స్థిరపడిన నియమం.

అపోహ: కార్బన్ గట్టిది కనుక ఏ కార్బన్ బాణమైనా ఏ వింటికైనా సరిపోతుంది.

వాస్తవం: వదిలిన క్షణంలో వింటినారి తోపుకు కాడ వంగి, నిటారై, మళ్లీ వంగుతూ సాగుతుంది కాబట్టి దాని బిరుసు వింటికి తగినట్టు ఉండాలి. ఈ బిరుసును స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద కాడను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అది అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులు వంగుతుందో స్పైన్ అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ కాడ బిరుసు పెరుగుతుంది. కార్బన్ కాడల మీద సాధారణంగా ఈ అంకెనే ముద్రిస్తారు. అల్యూమినియం కాడ మీది 2117 వంటి సంఖ్య కొలతలను తెలుపుతుంది: మొదటి రెండంకెలు అంగుళంలో 64వ వంతుల్లో వ్యాసాన్ని, తరువాతివి వెయ్యోవంతుల్లో గోడ మందాన్ని సూచిస్తాయి. ఆ కాడ స్పైన్ 400.

అపోహ: అల్యూమినియం వంగిపోతుంది, కార్బన్‌కు ఏమీ కాదు.

వాస్తవం: అల్యూమినియం వంగడం నిజమే, కాని ఆ వంకర కంటికి కనిపిస్తుంది, స్వల్పమైనదైతే సరిచేయవచ్చు. కార్బన్ కాడ వంగి ఉండిపోదు. అందులో పడిన పగులు పైకి కనిపించకుండా దాగి ఉండి, బాణాన్ని వదిలినప్పుడు కాడ విరిగి వింటిని పట్టిన చేతిలో దిగే ప్రమాదం ఉంది. అందువల్ల ప్రతి వాడకానికి ముందు కాడను తిప్పుతూ కొద్దిగా వంచి, చిటపట చప్పుడు వస్తే దాన్ని పారవేయాలి. జంతువు శరీరంలో కార్బన్ కాడ విరిగితే దాని పీచుముక్కలు కలిసిన మాంసాన్ని పూర్తిగా కోసి తీసివేయాలి.

అపోహ: అల్యూమినియం కాలం చెల్లిన లోహం.

వాస్తవం: ఈస్టన్ సంస్థ 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి రూపొందించిన ఎక్స్10 బాణంలో లోపల అల్యూమినియం గొట్టం, పైన కార్బన్ పొర ఉంటాయి, అదే సంస్థ వేట కోసం చేసిన ఫుల్ మెటల్ జాకెట్ రకంలో ఈ వరుస తారుమారవుతుంది. నిటారుతనంలోనూ నాణ్యమైన అల్యూమినియం కాడ మేలైన కార్బన్ కాడకు తీసిపోదు. చవక కార్బన్ కాడల్లో అంగుళంలో 6 వెయ్యోవంతుల వరకు వంకర ఉండవచ్చు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక ఇక్కడి విలుకాండ్రకు ఈ వివరాలు లక్ష్యసాధన వరకే ఉపయోగపడతాయి. అనుమతి ఉన్న దేశాల్లో వేటకు వెళ్లే తెలుగువారు మాత్రం ముందుగా స్పైన్‌ను, తరువాత బరువును, చివరగా పదార్థాన్ని ఎంచుకోవాలి. ప్రతి బాణాన్నీ పరీక్షించి, పదునైన ములికితో, తమ గురి తప్పని దూరం నుంచే వదలాలి.