పాత పిన్ నంబరే ఎందుకు గుర్తొస్తుంది? మరుపు వెనుక జ్ఞాపకాల పోటీ

ఏటీఎం పిన్ మార్చి నెల కూడా కాలేదు. మెషిన్ ముందు నిలబడగానే వేళ్లు మాత్రం పాత నంబరే నొక్కుతాయి. వరసగా మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా జరిగితే ‘మతిమరుపు వచ్చేసింది’ అని బెంగపడిపోతారు. చాలాసార్లు ఇక్కడ జ్ఞాపకం చెరిగిపోయి ఉండదు. రెండు నంబర్లూ బుర్రలోనే ఉంటాయి. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు పోటీ పడుతుంటాయి, అంతే.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని ‘ఇంటర్‌ఫియరెన్స్’ అంటారు. అంటే ఒక జ్ఞాపకం ఇంకోదానికి అడ్డు రావడం. పాతది కొత్తదానికి అడ్డొస్తే ‘ప్రోయాక్టివ్’, కొత్తది పాతదానికి అడ్డొస్తే ‘రెట్రోయాక్టివ్’. పైన చెప్పిన పిన్ గొడవ మొదటి రకం. కొత్త పిన్ బాగా అలవాటయ్యాక పాతది ఎంత అని అడిగితే చప్పున తట్టదు, అది రెండో రకం.

కాలం గడిస్తే జ్ఞాపకం దానంతటదే అరిగిపోతుందని మనం అనుకుంటాం. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లో ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్ని కదిలించింది. ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని పదాలు పది బట్టీ పట్టించారు. 8 గంటలు నిద్రపోయి లేచాక సగానికి పైగా గుర్తున్నాయి. అవే 8 గంటలు మెలకువగా గడిపితే పదింటిలో ఒకటి మిగలడమే గగనమైంది. గడిచిన సమయం ఒక్కటే కదా, మరి తేడా ఎందుకు? మెలకువలో కొత్త విషయాలు వచ్చి పడుతూనే ఉంటాయి. నిద్ర జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని కూడా తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

1957లో అండర్‌వుడ్ పట్టుకున్న సంగతి ఇంకా ఆసక్తికరం. ల్యాబుల్లో జాబితాలు నేర్చుకున్నవాళ్లు ఒక్క రోజులోనే సుమారు 75 శాతం మరిచిపోతున్నారని అప్పటిదాకా లెక్క. ఆయన పాత ప్రయోగాలన్నీ తిరగేసి చూస్తే, వాళ్లు అంతకుముందే అలాంటి జాబితాలు ఎన్నో నేర్చుకున్నవాళ్లని తేలింది. ఒకే ఒక్క జాబితా నేర్చుకున్నవాళ్లు మరిచిపోయింది సుమారు 25 శాతమే. అంటే తప్పు కాలానిది కాదు, ముందు పేరుకున్న పాత జాబితాలది.

పరీక్షలు రాసే పిల్లలకు ఇది బాగా పనికొచ్చే విషయం. విషయాలు ఎంత దగ్గరగా ఉంటే పోటీ అంత ఎక్కువ. హిందీ, ఉర్దూ పదాలు ఒకదాని వెంట ఒకటి బట్టీ పడితే కలగాపులగం అవుతాయి. మధ్యలో లెక్కలు చేస్తే ఆ గొడవ తగ్గుతుంది. ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’ మాత్రమే పదేపదే తిరగేయడంలోనూ చిక్కుంది. కొన్నింటినే మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటే, అదే కోవలోని మిగతావి తట్టడం కష్టమవుతుందని 1994లో ఆండర్సన్, ఇద్దరు బియార్క్‌లు ప్రయోగంలో చూపించారు. పరీక్ష ముందు రాత్రి జాగారం సంగతి చెప్పనే అక్కర్లేదు.

చేతులు నేర్చుకున్న పనికీ ఇదే సమస్య, ఇక్కడైతే ప్రాణాల మీదికి వస్తుంది. సౌదీ, దుబాయ్‌లలో ఏళ్ల తరబడి బండి నడిపినవారికి రోడ్డుకు కుడివైపు వెళ్లడం అలవాటు. సెలవుపై హైదరాబాద్‌కో కరీంనగర్‌కో వచ్చి స్టీరింగ్ పట్టుకుంటే, మలుపు తిరిగాక బండిని ఎదురు వరసలోకి పోనిచ్చే ప్రమాదం ఉంది. ట్రాఫిక్‌లో వెళ్తుంటే ముందు బండి దారి చూపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద అదీ ఉండదు. అందుకే వచ్చిన మొదటి రోజుల్లో పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం మేలు.

ఇక పెద్దవాళ్ల సంగతి. పాత పిన్, పాత ఫోన్ నంబరు, పాత ఇంటి అడ్రస్ నోటికి వస్తే కంగారు అక్కర్లేదు. కానీ రోజూ వెళ్లే గల్లీలోనే దారి తప్పడం, చెప్పిన జవాబు మరిచి అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం కనిపిస్తే వయసు మీద తోసేయకుండా డాక్టర్‌కు చూపించాలి.