చదువు – సంపాదన – పరిచయాలు

పన్నెండవ తరగతి దాటి కళాశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి ఇంట్లో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. "కళాశాల విడిచాక రెండు మూడు గంటలు ఎక్కడైనా పని చూసుకో. ఫీజుకు ఫీజు, అనుభవానికి అనుభవం" అంటాడు తండ్రి. "పని ఎప్పుడైనా చేయవచ్చు. ఇప్పుడు నలుగురితో కలిసిమెలిసి తిరుగు. రేపు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఆ నలుగురే అక్కరకు వస్తారు" అంటాడు మేనమామ. ఇద్దరూ మేలు కోరేవారే. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. మరి ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. పూర్వం పేద విద్యార్థులు పట్టణాలకు వెళ్ళి వారాలు చేసుకుని చదువుకునేవారు. అంటే వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేసేవారన్నమాట. కొందరు ఆ ఇళ్ళలోని పిల్లలకు పాఠాలు చెప్పేవారు. అలా ఆకలి తీరడంతో పాటు ఏడు కుటుంబాలతో పరిచయం కూడా కలిగేది. కుర్రవాడి నడవడి, చదువు మీద శ్రద్ధ ఆ ఏడు ఇళ్ళవారు వారం వారం చూసేవారు. సంపాదన, పరిచయం అక్కడ వేరువేరుగా లేవు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి విద్యార్థి జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన పూర్వులది ఆంధ్ర ప్రాంతంలోని మోక్షగుండం. కుటుంబం కర్ణాటకలో స్థిరపడింది. ముద్దెనహళ్ళిలో పుట్టిన ఆయన చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదివే రోజుల్లో ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ చదువు సాగించి, 1881లో బి.ఏ. పూర్తిచేశారు. ఆయన ప్రతిభను గమనించిన ప్రిన్సిపాలు ఛార్లెస్ వాటర్స్ ఆయనను ఎంతో ప్రోత్సహించారు. తరువాత మైసూరు ప్రభుత్వ ఉపకారవేతనంతో పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివారు. 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో సహాయ ఇంజనీరుగా చేరారు. పాఠాలు చెప్పి సంపాదించిన డబ్బు ఆయనను కళాశాలలో నిలబెట్టింది. చదువులో చూపిన శ్రద్ధ గురువు ఆదరణను తెచ్చిపెట్టింది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఆయన దారి మరింత కష్టమయ్యేది.

మహారాష్ట్రలో కర్మవీర్ భావూరావ్ పాటిల్ 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించి, సంపాదిస్తూ చదువుకొనే పద్ధతికి పెద్దపీట వేశారు. సతారాలో ఆయన నడిపిన వసతిగృహంలో వేర్వేరు కులాల పిల్లలు ఒకేచోట ఉండి, పని చేసుకుంటూ చదువుకున్నారు. ఊళ్ళో ఒకరి వాకిట ఒకరు అడుగుపెట్టని రోజుల్లో ఆ పిల్లలు కలిసి పని చేయడం వల్ల స్నేహితులయ్యారు.

ఇక పరిచయాల సంగతి చూద్దాం. ఉద్యోగం దొరకడానికి ఎలాంటి పరిచయాలు ఎక్కువగా ఉపయోగపడతాయి? దగ్గరి బంధువులూ ప్రాణస్నేహితులూ అని మనం అనుకుంటాం. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ నగరం పక్కనున్న న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగులను కలిసి ఈ విషయం పరిశీలించాడు. ఆ ఫలితాలను 1973లో ప్రకటించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం పొందినవారిని, "ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. వారానికి రెండుసార్లో అంతకంటె ఎక్కువో కలిసేవాళ్ళమని చెప్పినవారు నూటికి 17 మందికి మించలేదు. అప్పుడప్పుడు కలిసేవాళ్ళమన్నవారు సగం కంటె ఎక్కువ. ఏడాదికి ఒకసారో, అంతకంటె తక్కువో కలిసేవాళ్ళమన్నవారు నూటికి సుమారు 28 మంది.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. మనకు బాగా దగ్గరివారు మనం తిరిగే చోటనే తిరుగుతారు. మనకు తెలిసిందే వారికీ తెలుస్తుంది. దూరపు పరిచయస్థుడు మరో వీధిలో, మరో వృత్తిలో, మరో ఊళ్ళో ఉంటాడు. మనకు తెలియని కబురు అతని దగ్గర ఉంటుంది.

ఈ సంగతి తెలుగునేలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనవంటివారికి మరీ ముఖ్యం. షోలాపూరులోని నేతవారి పేటనే తీసుకోండి. ఏ మరమగ్గాల షెడ్డులో మనిషి కావాలో పేటలో ఒకరికి తెలిస్తే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. కాని ఒక బ్యాంకులోనో, ప్రయోగశాలలోనో, వార్తాపత్రిక కార్యాలయంలోనో పని ఎలా ఉంటుందో, దానికి ఏం చదవాలో చెప్పగలవారు అక్కడ తక్కువ. బరంపురంలోనైనా, బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా తమ వీధి దాటని విద్యార్థికి ఇదే చిక్కు. మన భాష మనకు ఇల్లు. ఇంటికి వాకిలి కూడా ఉండాలి. మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా మాట్లాడే తోటి విద్యార్థులతో వారి భాషలో నాలుగు మాటలు మాట్లాడగలగడం ఆ వాకిలి తెరవడమే.

అయితే కనిపించిన ప్రతివారితో చేతులు కలిపితే చాలునా? "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదు" అని మన సామెత. లింక్డ్ఇన్ అనే ఉద్యోగ పరిచయాల వేదికను వాడుతున్న సుమారు 2 కోట్ల మందికి సంబంధించిన ఐదేళ్ళ వివరాలతో జరిగిన ఒక పరిశోధన 2022లో వెలువడింది. మరీ దగ్గరి సంబంధాల కంటె కొంత దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని అది తేల్చింది. కాని అన్నిటికంటె పలుచని పరిచయాలు అంతగా ఉపయోగపడలేదు. పేరు తెలిసినంత మాత్రాన పరిచయం కాదు. మనం ఎలా పనిచేస్తామో ఎదుటివారు కొంతైనా చూసి ఉండాలి. దానికి మనం ఏదో ఒక పని చేస్తూ కనిపించాలి కదా!

పరిచయానికీ సిఫారసుకూ తేడా కూడా తెలుసుకోవాలి. అర్హత లేనివాడిని దొడ్డిదారిన లోపలికి తోయడం సిఫారసు. ఫలానా చోట ఖాళీ ఉందని, దానికి ఫలానా శిక్షణ కావాలని సకాలంలో తెలియజేయడం పరిచయం చేసే మేలు. పోటీ పరీక్షల్లో మార్కులు తెచ్చుకోవలసింది మనమే. ఆ పరీక్ష ఉందని, దానికి ఎలా సిద్ధం కావాలో చెప్పే మనిషి మాత్రం అవసరమే.

ఇక కాలం సంగతి. వారానికి 168 గంటలు. నిద్రకు 56 గంటలు తీసేద్దాం. తరగతులకు 36, రాకపోకలకు 12, సొంత చదువుకు 18, స్నానభోజనాలకూ ఇంటిపనులకూ 21 గంటలు పోతే మిగిలేవి 25 గంటలు. వాటిలో 12 నుండి 15 గంటలు పనికి కేటాయిస్తే తక్కినవి ఆటలకు, స్నేహితులకు, సభలకు ఉంటాయి. పని 25 గంటలు దాటితే అది చదువునో నిద్రనో తినివేస్తుంది. పట్టా చేజారితే, దానికోసం చేసిన పని వల్ల ప్రయోజనమేమిటి? అలాగే సాయంత్రాలన్నీ కబుర్లకే పోతే పరిచయాలు మిగులుతాయి గాని, వారికి చూపడానికి మన చేతిలో పనితనం మిగలదు.

ఇంటి అవసరం కోసం తప్పనిసరిగా పనిచేసే విద్యార్థులున్నారు. పని చేయాలా వద్దా అని ఆలోచించే వీలు వారికి లేదు. ఎలాంటి పని అన్నదాన్ని మాత్రం కొంతవరకు ఎంచుకోవచ్చు. గోదాములో ఒంటరిగా మూటలు లెక్కించే పని, మందుల దుకాణంలో వచ్చినవారికి మందులు అందించే పని జీతంలో సమానమైతే రెండవదే మేలు. రోజుకు పదిమంది మనుషులను అది చూపిస్తుంది. కళాశాల విడవగానే ఇల్లు చేరాలని నియమమున్న ఆడపిల్లలకు కళాశాల గ్రంథాలయంలో సాయం చేయడం, ఇరుగుపొరుగు పిల్లలకు పాఠాలు చెప్పడం అందుబాటులో ఉండే దారులు. పని దొరకనివారికి 1969లో మొదలైన జాతీయ సేవా పథకం ఉంది. ఆ శిబిరాలలో జీతం రాదు గాని ఇతర తరగతుల విద్యార్థులతో, అధ్యాపకులతో, గ్రామస్థులతో కలిసి పనిచేసే అవకాశం వస్తుంది.

పెద్దలను కలిసినప్పుడు మొదటిరోజే ఉద్యోగం అడగకూడదు. వారి పని గురించి అడగాలి. చెప్పింది శ్రద్ధగా వినాలి. సలహా పాటించి, ఫలితమేమైందో తరువాత తెలియజేయాలి. మనకు తెలిసిన కబురు మరొకరికి పనికివస్తుందనుకుంటే దాచుకోకుండా చెప్పాలి. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోటనే పరిచయం నిలుస్తుంది.

కాబట్టి తండ్రి మాటా వినవలసిందే, మేనమామ మాటా వినవలసిందే. నలుగురి కళ్ళెదుట చేసే పని, చదువుకు అడ్డురానంత పని చూసుకోవాలి. మన పని చూసినవారే రేపు మన గురించి నమ్మకంగా ఒక మాట చెప్పగలరు.

ప్రశ్నలు

1. వారాలు చేసుకుని చదవడం వల్ల విద్యార్థికి కలిగిన రెండు ప్రయోజనాలు ఏవి?
2. దూరపు పరిచయాలు ఉద్యోగానికి ఎక్కువగా ఎందుకు ఉపయోగపడతాయి?
3. పరిచయానికీ సిఫారసుకూ గల తేడాను మీ మాటల్లో రాయండి.
4. మీ వారం రోజుల 168 గంటలు దేనికెంత ఖర్చవుతున్నాయో పట్టిక వేయండి.
5. మీ వీధిలో ఎవరూ చేయని ఒక వృత్తిలో ఉన్న పెద్దవారిని కలిసి, వారి పనిని గురించి పది వాక్యాలు రాయండి.