అరికాలు దాచిన కబురు

గచ్చు మీద వరసగా ఎర్రటి మడమ ముద్రలు. ముందు చూసింది మా అత్తయ్య. వేసుకుంటూ వచ్చింది మా మామయ్య. చెప్పులోంచి దూసుకొచ్చిన మేకు అరికాల్లో దిగబడే ఉంది. దానితోనే బజారుకెళ్లి కూరగాయలు తెచ్చాడాయన. “నొప్పి పుడితే తెలిసేది కదే!” అన్నాడట. ఆయన షుగరుకి పద్నాలుగేళ్లు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది. వేలు పొడిచి చూసుకున్న అంకె చాలామందికి కంఠతా వస్తుంది. కాలు ఎత్తి చూసుకునే అలవాటే లేదు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేవి ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాల కొసలు. అందుకే కథ కాలివేళ్ల దగ్గర మొదలవుతుంది. మొదట తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు. కొన్నాళ్లకి అవి సద్దుమణిగితే నయమైందనుకుంటాం. చాలాసార్లు మంటతోపాటు స్పర్శ కూడా పోయి ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు చాలు. కళ్లు మూయించి, బొటనవేలి కింద ఆనించి “తగిలిందా?” అని అడుగుతారు. రెండు నిమిషాల పని. మామయ్యకి ఇన్నేళ్లలో ఎవరూ చేయలేదు. ఆయనా అడగలేదు.

మాల వేసుకుని నలభైఒక్క రోజులు చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లలో, మే నెల ఎండలో ప్రదక్షిణలు చేసేవాళ్లలో ఇలాంటి పాదాలు ఉంటాయి. స్పర్శ పోయిన కాలికి కాగిన బండా, చల్లటి గచ్చూ ఒకటే. నన్నడిగితే ఇక్కడ మొహమాటం పనికిరాదు, దీక్షలో ఉన్నా చెప్పులు తొడగాల్సిందే. ఆనెకాయల్ని బ్లేడుతో కోసుకోవడం, వేణ్నీళ్లలో కాళ్లు నానబెట్టడం అసలే వద్దు.

కన్నూ కిడ్నీ కూడా ఇంతే గుట్టుగా పాడవుతాయి. పేపరు చదవగలిగినంత మాత్రాన రెటీనా బాగున్నట్టు కాదు; ఏటా చుక్కలు వేయించుకుని చూపించుకోవాలి. క్రియాటినిన్ మామూలుగా ఉండగానే మూత్రంలో ఆల్బుమిన్ జారడం మొదలవుతుంది. ఆ పరీక్ష కూడా ఏడాదికొకసారి.

అన్నమా చపాతీయా అని ఇళ్లలో సాగే యుద్ధంలో బీపీ ఊసే రాదు. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో చెప్పిన సంగతి చూడండి: షుగరుతోపాటు బీపీ ఉన్న 1,148 మందిలో, సగటున 154/87 దగ్గర ఉండిపోయినవాళ్లకన్నా 144/82కి దించుకున్నవాళ్లలో పక్షవాతం 44 శాతం తక్కువ. కంటిని, కిడ్నీని పాడుచేసే చిన్న రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువ. మందుల సంగతికొస్తే, గుండెకీ కిడ్నీకీ దన్నుగా ఉండే ఎంపాగ్లిఫ్లోజిన్ మీద మన దేశంలో పేటెంట్ 2025 మార్చిలో తీరిపోయి, ధర బాగా దిగింది. అది మీకు పడుతుందో లేదో చెప్పాల్సింది డాక్టరు. పక్కింటాయన కాదు.

మామయ్య ఇప్పుడు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు బోర్లించి, రెండుసార్లు దులిపిగానీ కాలు పెట్టడు. రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య నేలమీద చిన్న అద్దం పెడుతుంది. వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుని, ఒక్కో పాదం దానిమీదికి ఎత్తి చూసుకుంటాడు. మొన్న చిటికెనవేలి పక్కన ఎర్రటి మచ్చ కనిపించింది. తెల్లారగానే ఇద్దరూ ఆసుపత్రికి ఆటో ఎక్కారు.