గుడిని కూడా కొలవాలి

దేవుణ్ణి కొలుస్తాం. మరి గుడిని ఎప్పుడైనా కొలిచామా? అంటే టేపు పట్టి కొలవడం అన్నమాట. గోడ ఎంత ఎత్తు? స్తంభం ఎంత లావు? గుమ్మం మీద చెక్కిన పూలు ఎన్ని? ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి. "రోజూ చూసేదే గదా" అంటారు. కొలత మాత్రం చెప్పలేరు.

గండిపేట వైపు పాత కట్టడాలకు కొదవ లేదు. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. హైదరాబాదులో వేలమంది చనిపోయారు. అట్లాంటి వరద మళ్లీ రావద్దని మూసీకి అడ్డంగా కట్ట కట్టారు. అదే గండిపేట చెరువు. 1920లో పని పూర్తయింది. దాని అసలు పేరు ఉస్మాన్ సాగర్. చెరువు ఒడ్డునే సాగర్ మహల్ ఉంది. చిలుకూరులో బాలాజీ గుడి ఉంది. ఇవి పేరున్నవి. ఊళ్లలో పేరు లేనివి కూడా ఉంటాయి. మెట్ల బావి, చిన్న దర్గా, పాత గడి, పొలం గట్టున వీరగల్లు. ఒకవైపు ప్లాట్లు పడుతున్నాయి. రోడ్లు వెడల్పవుతున్నాయి. పాత గోడ ఒక్క వానకు కూలుతుంది. తెల్లారేసరికి రాళ్లు ట్రాక్టరెక్కుతాయి. తర్వాత "అది ఎట్లా ఉండేది?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

ఇది ఊరికే అనే మాట కాదు. గండిపేట నుంచి నార్సింగి దాటి గోల్కొండ వైపు పోతే కుతుబ్‌షాహీ సమాధులు వస్తాయి. అక్కడ బడీ బావలి అనే పెద్ద మెట్ల బావి ఉంది. 2013 వానలకు దాని ఒక పక్క కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు, ప్రభుత్వం కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావులను బాగుచేసిన ఈ పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. ఆ సమాధుల దగ్గర కట్టడాలను కాంతి కిరణాలతో కొలిచే యంత్రం పెట్టి కొలిచారు. ఆ యంత్రం చాలా ఖరీదు. మన ఊరి బావికి దాన్ని ఎవరు తెస్తారు?

ఇంకో దారి ఉంది. ఫోటోలతో కొలవడం. దీన్ని ఫోటోగ్రామెట్రీ అంటారు. నోరు తిరగకపోతే ఫోటో కొలత అనుకుందాం.

"ఒక్క ఫోటో తీస్తే చాలదా అక్కా?" అని ఎవరైనా అడగవచ్చు. చాలదు. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. దారం సూది పక్కనుంచి పోతుంది. ఒంటికంటికి దూరం సరిగ్గా తెలియదు. రెండు కళ్లు ఒకే వస్తువును కొద్ది తేడాతో చూస్తాయి. ఆ తేడాను బట్టి మెదడు దూరం లెక్కగడుతుంది. ఒక్క ఫోటో ఒంటికన్ను లాంటిది. చోటు మారుస్తూ వంద ఫోటోలు తీస్తే వంద కళ్లు పెట్టి చూసినట్టు.

ఆ ఫోటోలను కంప్యూటర్‌కు ఇస్తారు. గోడమీద ఒక పెచ్చు ఊడిన గుర్తు ఉందనుకోండి. ఆ గుర్తు ఏ ఏ ఫోటోల్లో ఉందో కంప్యూటర్ వెతుకుతుంది. ఒక్కో ఫోటో ఎక్కడ నిలబడి తీశారో లెక్క వేస్తుంది. అక్కడినుంచి ఆ గుర్తుకు దారం లాగినట్టు గీతలు లాగుతుంది. గీతలు కలిసిన చోట ఒక చుక్క పెడుతుంది. ఇట్లా లక్షల చుక్కలు. చుక్కల ముగ్గు తెలుసు కదా? చుక్కలు కలిపితే ముగ్గు అయినట్టు, ఇక్కడ చుక్కలు కలిపితే గుడి అవుతుంది. తెరమీద దాన్ని తిప్పి అన్ని పక్కలా చూడవచ్చు. కొలవవచ్చు.

ఈ ఆలోచన పాతదే. 1858లో జర్మనీలో మైడెన్‌బావర్ అనే యువకుడు వెట్స్‌లార్ అనే ఊరి పెద్ద చర్చిని కొలుస్తున్నాడు. చాలా ఎత్తున ఉండగా కాలు జారింది. వెంట్రుకవాసిలో ప్రాణం దక్కింది. ఇంత కష్టమెందుకు, ఫోటోలోనే కొలవరాదా అని అప్పుడు అతనికి తోచింది. 1885లో అక్కడి ప్రభుత్వం ఈ పని కోసం ఒక ఆఫీసే పెట్టింది.

ఆఫ్ఘనిస్థాన్‌లో బామియాన్ అనే చోట కొండలో చెక్కిన రెండు పెద్ద బుద్ధుడి విగ్రహాలు ఉండేవి. 2001 మార్చిలో తాలిబన్లు వాటిని పేల్చేశారు. 1970లో కొలత కోసం తీసిన ఫోటోలు అదృష్టం కొద్దీ మిగిలాయి. వాటితో శాస్త్రవేత్తలు పెద్ద విగ్రహం రూపాన్ని కంప్యూటర్‌లో మళ్లీ తయారుచేశారు. ఫోటోలు రాయిని తిరిగి తేలేవు. కానీ ఆ విగ్రహం ఎట్లా ఉండేదో ఇక ఎవరూ ఊహించుకోనక్కర లేదు.

సంఘంలో ఒకరి దగ్గర మంచి ఫోను ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఒక్కచోటే నిలబడి ఫోను తిప్పవద్దు. అడుగు పక్కకు వేయాలి, ఒక ఫోటో తీయాలి. మళ్లీ అడుగు, మళ్లీ ఫోటో. ముందు ఫోటోలో ఉన్నదాంట్లో సగం కన్నా ఎక్కువ తర్వాతి ఫోటోలోనూ పడాలి. అప్పుడే కంప్యూటర్ రెంటినీ కలుపుకోగలుగుతుంది. గుడి చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి రావాలి. ఒక విధంగా ఇదీ ప్రదక్షిణమే. మబ్బు పట్టిన రోజు మంచిది. ఎండలో నల్లటి నీడలు పడి చెక్కడాలు కనిపించవు. జూమ్ వాడవద్దు. మనుషులు, మేకలు అడ్డం రాకుండా చూసుకోవాలి.

మరవకూడనిది ఒకటుంది. గోడకు ఆనించి మీటరు కర్ర పెట్టాలి. దర్జీ టేపయినా సరే. అది లేకపోతే కంప్యూటర్‌కు ఆకారం తెలుస్తుంది కానీ సైజు తెలియదు. బొమ్మరిల్లు, అసలు ఇల్లు దానికి ఒకటే.

దీనికి చేతకానివీ ఉన్నాయి. నీళ్లు, అద్దం, గాలికి ఊగే ఆకులు. కొత్తగా రంగు వేసిన నున్నటి గోడ కూడా అంతే, పట్టుకోవడానికి ఒక్క గుర్తూ ఉండదు. పాత శిల్పాలకు ఏటా పెయింటు పూయడం భక్తితో చేసే పనే. కానీ పూతమీద పూత పడితే ముక్కూ మొహం పూడిపోతాయి. ఫోటో తీయాలన్నా పూయకముందే తీయాలి.

గుడి పైకప్పుకు డ్రోన్ కావాలి. దానికి అనుమతి తీసుకోవాలి. పురావస్తు శాఖ బోర్డు ఉన్నచోట ముందు వాళ్లను అడగాలి. దర్గా అయినా గుడి అయినా అక్కడి పెద్దలకు చెప్పే తీయాలి. ఫోటోలను కలిపే పని కాలేజీ పిల్లలకు అప్పజెప్పవచ్చు. దీనికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం కొంచెం గట్టిది కావాలి.

ఫోటోకు తెలియని సంగతులు కాగితం మీద రాయాలి. ఈ బావిని ముసలమ్మలు ఏమని పిలుస్తారు? దీపం ఏ గూట్లో పెడతారు? బోనం ఏ వైపు నుంచి వస్తుంది? తారీఖు వేసి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు రాయాలి. ఫోను పోతే ఫోటోలు పోతాయి. కాబట్టి ఒక కాపీ బడిలో, ఒకటి గ్రంథాలయంలో, ఒకటి సంఘం బీరువాలో పెట్టాలి.