ఫెర్మా మాట, ఆయిలర్ లెక్క

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ సంఖ్యను ఒక కాగితముమీద వ్రాసికొనుడు: 4294967297. చూచుటకు ఇందు విశేషమేదియు తోచదు. కాని దీనిని గూర్చి ఒక మహాగణితజ్ఞుడు చెప్పిన మాట తప్పని తెలియుటకు తొంబదియేండ్లకు పైగా పట్టినది.

ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందురు. 7 ప్రధానసంఖ్య, 9 కాదు, దానిని 3 భాగించును.

పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందలి టులూజ్ నగరమున పియేర్ ద ఫెర్మా యను న్యాయాధికారి యుండెను. విరామకాలమున ఆయనకు గణితమే వినోదము. 2 ను 2 చే గుణింపగా 4, 4 ను 4 చే గుణింపగా 16, అట్లే 256, 65536 వచ్చును. 2 మొదలుకొని వీనిలో ప్రతిదానికి ఒకటి చేర్చినచో 3, 5, 17, 257, 65537 అగును. ఈ అయిదును ప్రధానసంఖ్యలే. ఎంతదూరము పోయినను ఇట్లే యుండునని 1640లో ఫెర్మా తలచెను. నిరూపణము మాత్రము దొరకలేదని తానే యొప్పుకొనెను. ఈ వరుసలో ఆరవది మన సంఖ్య.

దీనిని పరీక్షించుట యెట్లు? ఒక సంఖ్య ప్రధానసంఖ్య కానిచో, దాని వర్గమూలమునకు మించని ప్రధానసంఖ్య యేదో యొకటి దానిని భాగించి తీరవలెను. ఇచట వర్గమూలము ఇంచుమించు 65536. అంతలోపల ప్రధానసంఖ్యలు 6500కు పైగా కలవు. అన్నిటితోను భాగించి చూచుట యెవరి తరము?

1729లో గోల్డ్‌బాక్ అను మిత్రుడు ఒక లేఖలో ఈ ప్రశ్నను యువకుడైన ఆయిలర్ దృష్టికి తెచ్చెను. 1732లో ఆయిలర్, ఈ సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించునని ప్రకటించెను. అందలి కిటుకును తరువాత ఆయనయే వివరించెను. ఈ సంఖ్యను భాగించు ప్రధానసంఖ్య యేదైనను, దానిని 64 చే భాగించినచో 1 మిగులవలెను. ఈ నియమమునకు లోబడిన ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. వేలకొలది ప్రయత్నములకు మారుగా అయిదవ ప్రయత్నముననే ఫలము చేజిక్కినది.

నమ్మకము కుదరనిచో మీరే లెక్కింపవచ్చును. 6700417 ను 600 చే గుణింపగా 4020250200. 41 చే గుణింపగా 274717097. ఈ రెంటిని కూడి, మొదట వ్రాసికొన్న సంఖ్యతో సరిచూచుకొనుడు.

ఫెర్మా ఊహ వమ్మైనను ఆ సంఖ్యలు వ్యర్థము కాలేదు. 17 భుజముల సమబహుభుజిని రూళ్లకర్రతోను వృత్తలేఖినితోను గీయవచ్చునని 1796లో గౌస్ కనుగొనెను. 17 ఫెర్మా ప్రధానసంఖ్య యగుటయే దానికి మూలము. ఇక ఆరవది మొదలు ముప్పదిమూడవదాని వరకు ఒక్కటియు ప్రధానసంఖ్య కాదని నేడు తేలియున్నది. ఆపై నొక్కటియైన కలదో లేదో యెవరును నిరూపింపలేదు.

అయిదు తార్కాణములు సరిపడినంత మాత్రమున ఆరవదియు సరిపడునని గణితము అంగీకరింపదు. చెప్పినవాడెంత గొప్పవాడైనను, అది నిరూపణమునే యడుగును.